ముక్కు దించితే నొక్కాలి

నా కంప్యూటర్లో "నీళ్లు" అని ఒక ఫోల్డర్ ఉంది. రెండు వేల పైచిలుకు ఫోటోలు, అన్నిట్లోనూ సముద్రమే. ఒక అల, కొంచెం నురగ, మధ్యలో ఎవరో గ్లాసుడు నీళ్లు విసిరినట్టు ఒక చిందు. నేను బటన్ నొక్కడానికి రెప్పపాటు ముందు అక్కడ టెర్న్ అనే సముద్రపు పిట్ట ఒకటి గాల్లో ఉంది, నొక్కేసరికి నీళ్లలో ఉంది, నేను కెమెరా దించి తిట్టుకుంటుంటే లేచి వెళ్లిపోయింది. మా అమ్మాయి ఓ రోజు వరసగా యాభై ఫోటోలు తిప్పి చూసి, "అమ్మా, నువ్వు పిట్టల ఫోటోగ్రాఫర్‌వా, అలల ఫోటోగ్రాఫర్‌వా?" అంది. పదో తరగతి పిల్లకి ఇంత నోరు ఎవరి పోలికో నాకు తెలుసు గానీ, ఇక్కడ రాస్తే ఇంట్లో గొడవ.

మూడు చలికాలాలుగా ఇదే పని. టెర్న్ నీళ్లలోకి దూకే ఫోటో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, కన్ను స్పష్టంగా కనిపించేట్టు తీయాలని పట్టు.

ముందు ఒక సంగతి. బీచ్‌లో తెల్లగా ఎగిరేదాన్నల్లా సీగల్ అనేయడం మనకి అలవాటు, నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను. ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మధ్య బాతుల్లా తేలుతూ, పారేసిన చేప పేగుల కోసం కొట్టుకునేవి గల్స్. అవి ఎగిరేటప్పుడు ముక్కు ముందుకి ఉంటుంది, దారి చూసుకుంటూ పోతున్నట్టు. టెర్న్ వేటలో ఉంటే ముక్కు కిందికి ఉంటుంది, ఇసకలో జారిపోయిన చెవిదుద్దు వెతుక్కుంటున్నట్టు. రెక్కలు సన్నగా, మొనదేలి ఉంటాయి, తోక చీలి ఉంటుంది, కాళ్లు మరీ పొట్టి. నెత్తిన నల్ల టోపీ. చలికాలంలో ఆ టోపీ నుదుటి దగ్గర్నుంచి వెనక్కి జరిగిపోయి, అప్పుడప్పుడే బట్టతల మొదలైన గుమస్తాలా కనిపిస్తుంది పాపం. గల్‌లాగా గంటల తరబడి నీళ్లమీద కూర్చోవడం దీనికి పెద్దగా పట్టదు. గాల్లో ఉంటుంది, లేకపోతే రాయి మీదో ఇసక మీదో నిలబడుతుంది.

ఇక ఏ టెర్న్ ఏదో తెలుసుకోవడానికి నేను పట్టుకున్న కిటుకు ముక్కు రంగు. నిమ్మపండు పసుపైతే గ్రేటర్ క్రెస్టెడ్, కమలాపండు రంగైతే లెస్సర్ క్రెస్టెడ్. నల్లగా, మొద్దుగా ఉంటే గల్-బిల్డ్. ఎర్రగా క్యారెట్ అంత లావు ముక్కుతో, గల్ అంత పెద్ద ఒళ్లుతో కనిపిస్తే కాస్పియన్, ప్రపంచంలో టెర్న్‌లన్నిట్లోకీ అదే పెద్దది, రెక్కలు చాపితే మీటరున్నర లోపు ఉంటుంది. ఆ కొస నుంచి ఈ కొసకి వస్తే లిటిల్ టెర్న్, జానెడు కంటే కాస్త ఎక్కువ, బరువు ఒక కోడిగుడ్డంత. ఒకే కుటుంబంలో ఇంత తేడా చూస్తే మా పెదనాన్నగారిల్లు గుర్తొస్తుంది.

"ధ్రువం నుంచి ధ్రువానికి వెళ్లే పిట్ట ఇదేనా?" అని ఆఫీసులో ప్రతివాళ్లూ అడుగుతారు. కాదండీ. అది ఆర్కిటిక్ టెర్న్. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌లలో వాటి కాళ్లకి చిన్న పరికరాలు కట్టి చూస్తే ఏడాదికి సగటున 70 వేల కిలోమీటర్ల పైనే తిరుగుతున్నాయని 2010లో లెక్క తేల్చారు. మన వైజాగ్ జోడుగుళ్లపాలెంలో రాయి మీద కూర్చున్నది అది కాదు. అయినా నాకేం చిన్నతనం లేదు.

ఆ జోడుగుళ్లపాలెం సంగతే చెప్పాలి. కైలాసగిరి కింద, బీచ్ రోడ్డు దిగితే తెప్పలు లాగి పెట్టిన ఇసక, కొంచెం అవతల నల్ల రాళ్లు. ఆటు సమయంలో ఆ రాళ్లు బయటపడితే గ్రేటర్ క్రెస్టెడ్ టెర్న్‌లు పదీ పదిహేను వచ్చి నిలబడతాయి, అన్నీ గాలికి ఎదురుగా, ఒకే వైపు, స్కూల్లో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లాగా. గాలి మారితే అన్నీ తిరుగుతాయి. మొదటి ఏడాది డిసెంబర్లో అక్కడ నేను చూసిన ఒక దృశ్యం వల్లే ఈ పిచ్చి పట్టుకుంది.

గుంపులో ఒకటి కాస్త మాసినట్టు, రెక్కల మీద గోధుమరంగు మచ్చలతో ఉంది. పిల్ల అన్నమాట. పిల్ల అంటే ఒళ్లు చిన్నదేం కాదు, తల్లంతే ఉంది. నడుం వంచి, మెడ లోపలికి లాక్కుని, నోరు తెరిచి ఒకటే పోరు, కీచుమని ఆగకుండా. పక్కనున్నవాళ్లెవరూ పట్టించుకోవట్లేదు. పావుగంటకి సముద్రం మీంచి ఒక పెద్ద టెర్న్ వచ్చింది, నోట్లో వెండి ముక్కలా చేప. నేరుగా దిగలేదు. ఒక చుట్టు తిరిగింది, ఈ పిల్ల గొంతు ఇంకా పెంచింది, అది రెండో చుట్టు తిరిగింది, అప్పుడు దిగింది. పిల్ల చేపని లాక్కుంది, ముక్కులో అడ్డంగా ఉన్నదాన్ని రెండుసార్లు ఎగరేసి తలవైపు నోట్లోకి తిప్పుకుంది, గుటుక్కున మింగింది, మెడలో ఉబ్బు కిందికి జారడం నాకు లెన్స్‌లో కనిపించింది. మింగి, తల పైకెత్తి, వెంటనే మళ్లీ అదే కీచు. తల్లో తండ్రో నాకు తెలియదు, ఇద్దరూ మేపుతారు, రెక్కలొచ్చి ఎగరడం మొదలెట్టాక కూడా ఈ జాతిలో నెలల తరబడి పిల్లలు అమ్మానాన్నల వెంటే తిరుగుతాయి. ఎక్కడో దీవిలో పుట్టి, ఇంత దూరం కలిసి ఎగిరొచ్చి, ఇక్కడ వైజాగ్‌లో రాయి మీద కూర్చుని ఇంకా "అన్నం పెట్టు" అంటోంది. ఆ పెద్దది రెండు క్షణాలు రెక్కలు సర్దుకుని మళ్లీ సముద్రం మీదికి పోయింది. నేను ఫోటో తీశానా అంటే, తీశాను, ఒక్కటీ బాగా రాలేదు. మొత్తం నల్లగా వచ్చాయి.

ఎందుకు నల్లగా వచ్చాయో అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది, సిగ్గుపడుతూనే చెప్తున్నాను. ఇంటర్నెట్‌లో చూసిన ప్రతి పాఠం "పొద్దున్నే వెళ్లండి, బంగారు వెలుతురు" అనే చెప్తుంది. నేను పొద్దున్నే వెళ్లేదాన్ని. కానీ మనది తూర్పు తీరం కదా! వైజాగ్‌లో ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే పొద్దున సూర్యుడు ముఖాన కొడతాడు. చలికాలంలో మరీను, మన ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది, సూర్యుడు దక్షిణానికి జరిగి ఉంటాడు, సరిగ్గా మన ఎదురుగా వచ్చి కూర్చుంటాడు. పిట్ట మనకీ సూర్యుడికీ మధ్యలో. అందుకే నావన్నీ నల్ల కాగితం కత్తిరించి అంటించినట్టు వచ్చాయి. పడమటి తీరం వాళ్లకి పనికొచ్చే పాఠం మనం వింటే ఇంతే.

సరే, మధ్యాహ్నం మూడు దాటాక వెళ్దామని మొదలెట్టాను. వెలుతురు బాగుంది, గాలి బాగాలేదు. మధ్యాహ్నానికి గాలి సముద్రం మీంచి ఒడ్డుకి తిరుగుతుంది. టెర్న్ గాల్లో ఒకచోట నిలబడాలంటే గాలికి ఎదురుగా తిరగాలి, అంటే దాని ముఖం సముద్రం వైపు, తోక నా వైపు. పొద్దున వెళ్తే ముఖం ఉంటుంది వెలుతురు ఉండదు, సాయంత్రం వెళ్తే వెలుతురు ఉంటుంది ముఖం ఉండదు. ఆ ఏడాదంతా పిట్టల వెనకభాగాలు తీశాను. ఆ ఫోల్డర్‌కి పెట్టిన పేరు ఇక్కడ చెప్పను.

సెట్టింగ్స్ అడిగేవాళ్ల కోసం గబగబా: షట్టర్ వేగం సెకనులో 1/3200 వంతు, అంతకు తగ్గితే రెక్కల చివర్లు అలికినట్టు వస్తాయి. ఎఫ్ 7.1. ఐఎస్ఓ ఆటో. వెనక ముదురు రంగు నీళ్లుంటే కెమెరా మోసపోయి తెల్ల రొమ్ముని సున్నం కొట్టేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో పడే వెలుతురు, ఒక స్టాప్ దాకా (సగానికి) తగ్గించుకోవాలి, వెనక తెల్లటి ఆకాశం ఉంటే అదే లెక్క తిరగేసి పెంచాలి. టెర్న్ ఆకాశంలోంచి నీళ్లలోకి ఒక్క సెకనులో పడుతుంది, ఆ సెకనులో చక్రం తిప్పే తీరిక ఉండదు, అందుకని నేను ముందే నీళ్లకి సరిపడా పెట్టేసి ఆకాశం సంగతి వదిలేస్తాను. నా లెన్స్ సెకండ్‌హ్యాండ్‌ది, 150-600 ఎంఎం జూమ్, రెండు కిలోల బరువు, గంట పట్టుకుంటే మర్నాడు చపాతీ పిండి కలపలేను.

ఇంకో మాట, ఇది నా తెలివితక్కువతనం. జనవరిలో ఒక శనివారం రాత్రి బ్యాగు ఏసీ గదిలో పెట్టి పడుకున్నాను. పొద్దున్నే ఒడ్డుకెళ్లి లెన్స్ మూత తీస్తే ఎదుటి అద్దం మొత్తం ఆవిరి పట్టేసింది, టీ గ్లాసు మీద ఊదినట్టు. చున్నీతో తుడిస్తే మళ్లీ పట్టింది. సముద్రపు గాలికి ఉప్పు కూడా ఉంటుంది కదా, ఆ తుడుపుతో సన్నటి గీతలు. నేను ఇరవై నిమిషాలు లెన్స్‌ని ఎండకి పట్టుకుని నిలబడితే, నా కళ్లముందే నలభై యాభై టెర్న్‌లు ఒక్కచోట వర్షంలా దూకాయి. అంత గుంపు మళ్లీ నాకు కనిపించలేదు. ఇప్పుడు బ్యాగు హాల్లోనే పడుకుంటుంది.

పెద్ద లెన్స్‌తో మన ఊళ్లో తిరగడం గురించి కూడా ఒక ముక్క. ఇది నేవీ ఊరు. ఫోటోలు తీయకూడదని బోర్డు ఉన్న చోట తీయకూడదు, అంతే, పిట్ట ఎంత దగ్గరగా ఉన్నా సరే. నన్ను ఒకసారి ఒకాయన ఆపి "ఏం తీస్తున్నారు మేడం?" అంటే తెరమీద ఫోటోలు చూపించాను. ఆయన ఒక ఇరవై తిప్పి, "ఇందులో ఏమీ లేదు కదా" అని వదిలేశాడు. అనుమానం పోయింది, నా పరువూ పోయింది.

మధ్యలో మనసు విరిగి కొండకర్ల ఆవకి వెళ్లాను. అక్కడ తాటి మొద్దులు తొలిచి రెండేసి కలిపి కట్టిన దోనెల మీద తీసుకెళ్తారు. అక్కడివి విస్కర్డ్ టెర్న్‌లు, చిన్నవి, ఇవి దబ్బున దూకవు. కలువాకుల మీదుగా తేలిపోతూ వచ్చి, నీళ్లమీద పురుగుని ముక్కుతో మాత్రం తీసుకుని లేస్తాయి, పెళ్లి భోజనంలో పక్క విస్తట్లోంచి వడియం తీసినంత సుతారంగా. బాగున్నాయి. కానీ దోనె ఊగుతుంటే ఫోటో ఏం వస్తుంది, పైగా నాకు దూకేది కావాలి.

ఇక తాత విషయానికి వస్తాను. జోడుగుళ్లపాలెంలో తెప్పల నీడన కూర్చుని వలలు బాగుచేసే తాత ఒకాయన ఉన్నాడు. నన్ను రెండేళ్లుగా చూస్తున్నాడు, పలకరించడు, అప్పుడప్పుడు నవ్వుతాడు. మొన్న ఫిబ్రవరిలో నేను కెమెరా ఇసక మీద పెట్టేసి మోకాళ్ల మీద తల ఆనించి కూర్చుంటే అప్పుడడిగాడు.

"ఏటమ్మా, దొరకనేదా?"

"లేదు తాతా. నేను నొక్కేలోపు దూకేస్తున్నాయి."

"నువ్వు పిట్టనంతా సూత్తన్నావు. దాని ముక్కు సూడు."

వల పక్కన పెట్టి చెయ్యి చాపి చూపించాడు. ఒక టెర్న్ మా ఎదురుగా ఐదారు మీటర్ల ఎత్తున వస్తోంది. "అదిగో, ముక్కు ముందుకెట్టింది, ఎల్లిపోద్ది." వెళ్లిపోయింది. ఇంకోటి వచ్చింది, ఆగింది, రెక్కలు టపటపలాడిస్తూ గాల్లో నిలబడింది, నేను కెమెరా ఎత్తాను. "ఆగు, అది ఉత్తినే సూత్తంది, మెడ వంచనేదు." అదీ దూకలేదు. మూడోది ఆగి, మెడ వంచి, ముక్కు సరిగ్గా బావిలో బొక్కెన దించినట్టు కిందికి పెట్టింది. "ఇదిగో," అన్నాడు, అనడం పూర్తయ్యేసరికి అది రెక్కలు ముడిచి పడింది.

అంతసేపూ ఆయన చూసేది పిట్టల్ని కాదు, చేపల్ని. "ఒక్క పిట్ట తిరిగితే దాని కడుపు కోసం తిరుగుతాది. పది పిట్టలు ఒక్క కాడే కిందకీ మీదకీ అవుతన్నాయంటే సేపల మంద ఉన్నట్టు. కింద సూరలు తరుముతుంటాయి, సిన్న సేప పైకొచ్చీద్ది, పిట్టకి దొరికీద్ది. మాకు సిన్నప్పుడు ఈ మిషన్లేటీ నేవు, పిట్టే సెప్పేది." నేను మూడేళ్లుగా ఫోకస్ పాయింట్లు, కెమెరా మెనూలు చదువుతున్నాను, ఈయన చిన్నప్పట్నుంచీ ఆ ముక్కు చదువుతున్నాడు.

ఆ రోజు తర్వాత రెండు ఆదివారాలు కెమెరా బయటికి తీయలేదు. ఊరికే కూర్చుని నాలో నేనే అనుకునేదాన్ని, దూకుతుంది, దూకదు, దూకదు, దూకుతుంది. మొదట్లో సగం తప్పు. తర్వాత తప్పులు తగ్గాయి. వేళ్లు మడిచి లెక్కపెడితే పదిసార్లు దూకితే మూడుసార్లే చేప పైకొచ్చేది, మిగతావి ఖాళీ ముక్కుతో లేచి, గాల్లోనే తడిసిన కుక్కపిల్లలా ఒళ్లంతా విదిలించుకుని మళ్లీ మొదటికి. ఇది చూస్తుంటే నాకు "నీళ్లు" ఫోల్డర్ మీద కోపం తగ్గింది. ఇంకొకటి కూడా అప్పుడే పట్టింది: దూకేటప్పుడు ఎటైనా దూకుతుంది గానీ, లేచేటప్పుడు మాత్రం గాలికి ఎదురుగానే లేస్తుంది. అంటే నీళ్లు చిందిన చోటే కెమెరా ఉంచి ఆగితే, ముఖం ఎటు తిప్పి బయటికొస్తుందో ముందే తెలుసు. నేనేమో చిందు పడగానే అయిపోయిందని కెమెరా దించేదాన్ని.

మార్చి రెండో వారం. పైరగాలి మొదలైంది, డాల్ఫిన్ నోస్ కొండ వైపు నుంచి ఒడ్డు వెంబడి వీస్తోంది. సాయంత్రం నాలుగున్నర, సూర్యుడు నా కుడి భుజం వెనక. గాలి ఎటు నుంచో వెలుతురూ దాదాపు అటు నుంచే, ఏడాదిలో ఈ రెండూ కుదిరేది ఇప్పుడే, ఇంకొన్ని వారాలు పోతే చాలా పిట్టలు వెళ్లిపోతాయి. కొన్నిటికి నెత్తిమీద టోపీ నిండుగా వచ్చేసింది, వెనక జుత్తు దువ్వనట్టు లేచి నిలబడింది, పెళ్లికి తయారవుతున్నాయి. రాళ్లకి ఇవతల ఒకటి ఆగింది. మెడ వంచింది. ముక్కు దించింది. నొక్కి పట్టుకున్నాను, చిందు పడింది, వేలు తీయలేదు, ఊపిరి కూడా తీసినట్టు లేను. నీళ్లు చీల్చుకుని రెక్కలు పైకెత్తి లేచింది, రెక్కల చివర్నుంచి నీళ్లు దారాల్లా కారుతున్నాయి, పసుపు ముక్కులో అడ్డంగా చేప, నల్ల టోపీలో నల్లటి కన్ను, ఆ కంట్లో చిన్న వెలుతురు చుక్క.

చేతులు వణికాయి. ఎవరికో ఒకరికి చూపించకపోతే పిచ్చెక్కేట్టుంది, పరిగెత్తుకెళ్లి తాత ముందు కెమెరా పెట్టాను. తెరకి చున్నీ అడ్డం పట్టి నీడ చేశాను. ఆయన కళ్లు చికిలించి చూశాడు, "దగ్గరగా రాదా?" అన్నాడు. పెద్దది చేశాను, కన్ను మీదికి. "అది కాదమ్మా, సేప, సేప." ముక్కు మీదికి జరిపాను.

"నెత్తలి," అన్నాడు. "ఎక్కడ తీశావు?"

"ఆ రాళ్లకి ఇవతల. ఇప్పుడే."

ఆయన లేచి నిలబడి, తెప్పల అవతల పేకాడుకుంటున్న కుర్రాళ్లని కేకేశాడు.